చెయ్యి జారినాయన

మొన్న మా కోడలి కుట్టుమిషను మొరాయిస్తే బాగుచేసేవాడిని పిలిపించాం. మెట్‌పల్లి మనిషట, ఇచ్చోడ బస్టాండు పక్కన కూర్చుంటాడట. అరుగు మీద మిషను ముందేసుకుని, పక్కచక్రం మీద ఎడమచేతి బొటనవేలు ఆనించి కళ్లు మూసుకున్నాడు. కుడిచేత్తో చక్రాన్ని మెల్లగా తిప్పుతూ, తల ఒక పక్కకు వంచి విన్నాడు. ఆ తల వంపు నాకు తెలుసు.

"ఎవరి కాడ నేర్చినవయ్యా గీ పని?" అని అడిగాను.

"మెట్‌పల్లిల మా ఉస్తాద్ కాడ తాతా. వెనుకట ఆదిలాబాద్ల గుడ పనిచేసిండు, జిన్నింగు మిల్లు కాడ. పోయిన నెల కాలం చేసిండు."

గడపలో బియ్యం ఏరుతున్న నా భార్య తలెత్తింది.

"ఎవలు? చెయ్యి జారినాయ్ననా?"

ఆ మనిషికి కోపం వచ్చింది. "చెయ్యి జారుడేంది అవ్వా? మా ఉస్తాద్ చెయ్యి ఎన్నడు జారలే."

"జారింది. నాకెర్క," అని ఆమె మళ్లీ చాటలోకి చూసుకుంది. "పాపం, పోయిండా."

ఆయన పోయాడని వినగానే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఆ సంగతి తెలిసినవాడు ఇక నేనొక్కడినే అన్న నిమ్మళం. ఆ వెంటనే కండ్లమంట. తన చెయ్యి ఎన్నడూ జారలేదని పది ఊళ్లలో చెప్పే శిష్యుణ్ని తయారుచేసుకుని మరీ పోయాడు. నేను పోతే నా చెయ్యి గురించి చెప్పేవాడెవడున్నాడు?

మా ఇంట్లో నలభై ఏళ్లుగా ఆయనకు అదే పేరు, చెయ్యి జారినాయన. ఆ పేరు అబద్ధం. అది అబద్ధమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలో నేను ఆదిలాబాద్‌లో ఒక సేటు జిన్నింగు మిల్లులో ఇంజను నడిపేవాడిని. ఊళ్లోకి అప్పటికి కరెంటు రాలేదు. పత్తి నుంచి గింజలు తీసే యంత్రాలన్నీ నా నూనె ఇంజను మీదే తిరిగేవి. సాయంత్రం పత్తి పని ఆగాక వాటిని తిప్పే తోలు పట్టాలు తప్పించి, ఒక్క డైనమో పట్టా మాత్రం ఉంచేవాడిని. దానితో సేటు బంగళాలో దీపాలు వెలిగేవి. బంగళా నా షెడ్డుకు యాభై అడుగుల దూరం. మధ్యలో కట్టెల మీద వేలాడే తీగె.

ఆయన కుట్టుమిషన్లు బాగుచేసే సాయబు. పత్తి కాలం మొదలుకాగానే మెట్‌పల్లి నుంచి వచ్చేవాడు, ఉగాది దాకా మిల్లు గేటు పక్క వసారాలో కూర్చునేవాడు. సన్నటి ఒళ్లు, పొడుగాటి చేతులు. ఎడమచేతి చిటికెనవేలి గోరు పెంచేవాడు. చిన్న మరలు విప్పడానికి అదే ఆయన పనిముట్టు. నూనె చేతిని ఎన్నడూ బట్టలకు తుడుచుకోలేదు. తుడుచుకోవడానికి మిల్లులో దూది అడిగి తీసుకునేవాడు. దూది కుప్పలు కుప్పలుగా ఉండే చోట చిటికెడు దూది కోసం అడిగే మనిషి. విరిగిన మిషను ముందుకు రాగానే "ఏమైంది బిడ్డా" అని దాన్నే పలకరించేవాడు, తెచ్చినవాళ్లను కాదు.

మిషను నడిచేదాకా చాయ ముట్టేవాడు కాదు. "చాయ తాగితె చెయ్యి ఎచ్చగైతది. ఎచ్చటి చెయ్యికి మిషిని నిజం చెప్పది" అనేవాడు. అది పిచ్చిమాట అని ఇప్పటికీ అంటాను. కానీ సేటు ఇంట్లో అది విని, చల్లారిన చాయను మళ్లీ కాచి ఇచ్చేవాళ్లు. నేను ఆ మిల్లులో పదకొండేళ్లు చేశాను. నా చాయ ఎవరూ రెండోసారి కాచలేదు.

ఒక ఏడాది సేటు బావమరిది బొంబాయిలో ఎవరి ఇంట్లోదో పాత ప్రొజెక్టరు కొనుక్కొచ్చాడు. ఇంట్లో పెట్టుకుని బొమ్మలు చూసుకునేది. దానితో చిన్న కెమెరా కూడా తెచ్చాడు. వాళ్ల ఇంటివాళ్లనే తీసేవాడు. బాసర గోదావరిలో స్నానాలు, పిల్లవాడి పుట్టువెంట్రుకలు, పెళ్లిలో భోజనాలు. మాటా పాటా ఉండదు. గోడకు కట్టిన తెల్లటి దుప్పటి మీద మనుషులు కదులుతారు, అంతే.

మొదటిసారి ఆడించిన రోజు, దుప్పటి మీద అందరూ చీమల్లా ఉరికారట. సేటు తల్లి గోదావరి మెట్లు దిగుతుంటే కోడిపిల్ల ఎగిరినట్టుందట. ఇల్లంతా నవ్వింది. ముసలమ్మ లేచి లోపలికి పోయి తలుపేసుకుంది. 'ఉరికారట', 'ఉందట' అని రాస్తున్నాను, ఎందుకంటే నేను చూడలేదు. కరెంటు నేనిస్తేనే బొమ్మ. బొమ్మ ఆడుతున్నంతసేపు నేను ఇంజను దగ్గర ఉండాలి. చూసి వచ్చి చెప్పేది నా భార్య. ఆమె ఆ మిల్లులోనే పత్తి ఏరేది. పని దిగిన ఆడవాళ్లను వరండాలో కూర్చుని చూడనిచ్చేవాళ్లు.

మర్నాడు ముసలమ్మ కుట్టుమిషను చూడడానికి సాయబు పోతే, సేటు ప్రొజెక్టరు చూపించాడు. దానికి ఒక పక్కన చిన్న మోటరు, మోటరు పక్కన నల్లటి మర. మర తిప్పితే వేగం పెరుగుతుంది, తగ్గుతుంది. ఎంత పెట్టాలన్నదే ఎవరికీ తెలియదు. సాయబు మోటరు విప్పి, లోపల మసి దూదితో తుడిచి, కోడి ఈకతో ఒక్క చుక్క నూనె వేశాడు. తర్వాత బాసర రీలు పెట్టమన్నాడు. అందులో ముసలమ్మ చెంబుతో నీళ్లు వదిలే చోటు ఒకటుంది.

"మనుషుల దిక్కు చూడకుండ్రి. నీళ్ల దిక్కు చూడుండ్రి. మనిషికి తొందరుంటది, నీళ్లకు ఉండది," అని మర తిప్పుతూ పోయాడట. చెంబులోంచి నీళ్లు నీళ్లలా పడ్డాక చెయ్యి తీసేశాడు. తర్వాత రీలు మొదటి నుంచి వేస్తే, ముసలమ్మ గోదావరి మెట్లు తను దిగినట్టే దిగింది. ఒక్కో మెట్టుకు మోకాలి మీద చెయ్యి వేసుకుంటూ. "నేనే, నేనే!" అని ముసలమ్మ చప్పట్లు కొట్టింది.

ఆ రోజు నుంచి బొమ్మ ఆడించేది ఆయనే. ఆయనకు కుర్చీ వేశారు. బంగళా లోపల, సేటు పక్కన.

నేను రోజుకు పది గంటలు ఆ ఇంజనును చెవితో కాపలా కాసేవాడిని. ఏ దెబ్బ తప్పినా నిద్రలో కూడా తెలిసేది. ఆయన మోటరు తిరిగేదే నా కరెంటుతో. నా ఇంజను దగ్గితే ఆయన మోటరు తూలుతుంది. కానీ నీళ్లను నీళ్లలా పారించినవాడు ఆయన, డబడబ చప్పుడు చేసేవాడిని నేను.

అంతటితో ఊరుకున్నాడా, లేదు. బొమ్మ ఆడే సాయంత్రాల్లో గేటు కాపలా ముసలాయనతో నాకు కబురు పంపేవాడు.

"సాయబు చెప్పిండు బిడ్డా. ఇంజన్ జర నూలుపోగంత తగ్గియ్యాల్నట."

"నూలుపోగు లెక్కన ఇంజన్ నడుస్తదా కాకా? ఇది ఇంజనా, దారం ఉండా?"

"నన్నడుగుతవేంది? నేను మోసుకొచ్చిన మాట నీ ముంగట పడేసిన. ఎత్తుకుంటె ఎత్తుకో, లేకుంటె లే."

కోపంతో కరెంటు కొలిచే మీటరు ముల్లు చూసేవాడిని. నాకు అప్పుడు అంకెలు రావు. ముల్లు ఎక్కడ నిలబడాలో అద్దం మీద మేకుతో గీత గీసుకున్నాను. ముల్లు నా గీతకు అవతల ఉండేది, సరిగ్గా నూలుపోగంత. ఆయన మాట తప్పయితే ఇంత మండేది కాదు.

ఇక నా భార్య సంగతి. చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం ఎక్కి ఆమె ఎడమకాలు కొంచెం పొట్టిదయింది. ఈడ్చి నడిచేది. నలుగురు కూర్చున్న చోట వాకిలి దాటాలంటే చుట్టు తిరిగి గోడ పక్క నుంచి పోయేది. మిల్లులో ఆడవాళ్లు మంచివాళ్లే గానీ నవ్వేవాళ్లు. ఆమె గంపెత్తుకుని వస్తుంటే, ఆ అడుగుల చప్పుడుకు, "వచ్చిందమ్మో తాళం" అనేవాళ్లు.

ఒకరోజు బొమ్మ చూసి ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"నేను బొమ్మల వచ్చిన!"

"ఎట్లొచ్చినవ్?"

"గా బొంబాయాయ్న మిల్లు వాకిట్ల తీసిండట, ఎప్పుడు తీసిండో ఏమో. గంప నిండ పత్తెత్తుకొని ఇట్ల పోతున్న, మల్ల ఉత్త గంపతోని ఇట్ల వస్తున్న. తెర మీద నా కాలు చూడంగనె కొంగు మొకానికడ్డం పెట్టుకున్న. ఇగ నవ్వుతరు అనుకున్న. ఎవ్వలు నవ్వలే. సాయబన్న మర జరంత తిప్పిండు. అచ్చం నేనే. నేను నడిచినట్టె నడిచిన."

"నువ్వు నువ్వు నడిచినట్టు గాక నా లెక్క నడుస్తవా?"

"నీకు తెల్వది పో. నువ్వు చూడలె గద. సేటు తల్లి అడిగింది, ఎవలీమె అని. ఎంత నిమ్మళంగ నడుస్తున్నది అన్నది. నన్నే! నన్నే అన్నది."

ఆ రాత్రి రెండుసార్లు లేచి నీళ్లు తాగింది. మర్నాడు మిల్లు వాకిట్లో గోడ పక్కకు పోలేదు. నడుమ నుంచి నడిచింది. ఆ తర్వాత వారం వారం ఆ రీలు వేయించుకున్నారు. వారం వారం నేను అదే కథ విన్నాను. సాయబన్న మర తిప్పిండు, సాయబన్న అట్ల తల వంచిండు, సాయబన్న చెయ్యి అంటె చెయ్యి.

ఆయన మీద నాకు తప్పుడు అనుమానం లేదు. ఉంటే బాగుండేది, పోయి కొట్టేవాడిని. ఆమెను చెల్లె అని పిలిచేవాడు, కళ్లెత్తి చూసేవాడు కాదు. ఆ కోపం వేరు. పెళ్లయి పన్నెండేళ్లు. నా భార్య ముఖంలో ఆ వెలుగు నేను తేలేదు. యాభై అడుగుల అవతల కూర్చుని ఒక మర తిప్పి ఆయన తెచ్చాడు. అదీ నా కరెంటుతో.

ఒక సాయంత్రం సేటు ఇంటికి చుట్టాలు వచ్చారు. వరండా నిండింది. దీపాలు పెట్టే వేళకు బొమ్మ మొదలైంది. మళ్లీ కబురు వచ్చింది: నూలుపోగంత.

నా ఇంజనుకు రెండు ఇనుప గుండ్లుండేవి. గిరగిర తిరుగుతూ ఇంజను వేగాన్ని ఒకే తీరుగా ఉంచేవి. వాటి స్ప్రింగు మర బిగిస్తే ఇంజను ఉరుకుతుంది. నేను పానా తీసుకుని ఒక చుట్టు బిగించాను.

బంగళా వైపు చెవి పెట్టాను. గుసగుస, తర్వాత నవ్వు. బొమ్మలు ఉరుకుతున్నాయన్నమాట. కొంచెంసేపటికి నవ్వు ఆగింది. ఆయన అక్కడ మర తగ్గించాడు. నేను ఇంకొక చుట్టు బిగించాను. నవ్వు. మళ్లీ ఆగింది. మేమిద్దరం ఒకరికొకరం కనబడం. తీగెకు ఈ కొసన నేను, ఆ కొసన ఆయన. ఆయన మర ఎంతవరకు తగ్గుతుందో నాకు తెలియదు గానీ, దేనికైనా ఒక కొస ఉంటుందని తెలుసు. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు. ఇంజను షెడ్డు రేకులు అదిరాయి.

ఈసారి నవ్వు ఆగలేదు. పెద్దవాళ్లు, పిల్లలు, చుట్టాలు, అందరి నవ్వు. పొర్లిపొర్లి వచ్చింది. గెలిచాననుకున్నాను. పానా చేతిలో పట్టుకుని, ఒక్కడినే, నేను కూడా నవ్వాను.

ఆమె ఆ రోజు నాకోసం ఆగలేదు, ముందే ఇంటికి పోయింది. నేను పోయేసరికి గోడ వైపు తిరిగి కూర్చుంది. పొయ్యి వెలగలేదు.

"ఏమైంది?"

గోడకే చెప్పింది.

"కుంటి కోడి లెక్క ఎగిరిన. గంపతోని. సేటు చుట్టాలల్ల ఒగాయ్న లేచి నా లెక్క ఎగిరి చూపిచ్చిండు. పిల్లలు గుడ."

ఏ నవ్వుకు నేను నవ్వానో అప్పుడు తెలిసింది. ఆ సమయానికి ఏ రీలు తిరుగుతోందో షెడ్డులో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది? ఇది సాకు. సాకని తెలిసే రాస్తున్నాను.

"మరి సాయబు ఏం చేసిండు?" అన్నాను.

"లైటు బంద్ చేసిండు. నా కాడికొచ్చి, అందరు వినంగ చెప్పిండు. 'చెల్లే, తప్పు నాది, నా చెయ్యి జారింది' అన్నడు. జారుతదా? గప్పుడే జారాల్నా? నా బొమ్మ వచ్చినంకనే జారాల్నా?"

అక్కడే చెప్పవలసింది. నోరు తెరిచాను కూడా. "పోనీ, పొయ్యి ముట్టిస్త" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నం వేళ ఆయన షెడ్డులోకి వచ్చాడు. అంతకు ముందు ఎన్నడూ రాలేదు. ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి, నేను రాత్రే మళ్లీ వదులు చేసిన స్ప్రింగు మర దగ్గర ఆగాడు. చిటికెనవేలి గోరుతో దాని మీద కొత్త గీతలు తాకి చూశాడు. నేను పానా దగ్గరగా పెట్టుకున్నాను. తిడితే తిట్టాలని, కొడితే కొట్టాలని.

"భాయ్," అన్నాడు, "మోటరు ఒక్కటే ఉరికితె బల్బు ఎప్పటి లెక్కనే ఉంటది. నిన్న బల్బు గుడ తెల్లగైంది. గప్పుడే సమజైంది."

"అయితె నీ చెయ్యి జారిందని ఎందుకన్నవ్?"

"మరి నీ పేరు చెప్పాల్నా? చెల్లె నిన్న రాత్రి ఏ ఇంటికి పోవాలె?" అన్నాడు. దూది తీసి గోరుకంటిన నూనె తుడుచుకున్నాడు. "నా మీద కోపమొస్తె నా మొకం చూడది, అయిపాయె. నేను ఉగాదికి పోయెటోన్ని."

ఆయన అంతటితో పోయినా బాగుండేది.

"ఎన్నడన్న చూసినవా బొమ్మ?" అని అడిగాడు.

"నేను చూస్తె ఇంజన్ ఎవడు చూస్తడు?"

"నేను చూస్త. సేటోళ్లు చుట్టాలను తోలుకొని ఊర్లెకు పోయిండ్రు. రీలు పెట్టి వచ్చిన, మీట నొక్కుడే. పో, నువ్వే మర తిప్పు. చెల్లెను చెల్లె లెక్క నడిపియ్యి. మరీ తగ్గియ్యకు, బల్బు వేడికి రీలు కాల్తది."

ఇదేదో పందెం అనుకున్నాను. నా భార్యను నాకంటే ఎక్కువ ఎరుగుదువా అని లోపల అనుకుని పోయాను. తలుపులు మూసిన గదిలో మధ్యాహ్నమే చీకటి. ఆయన కుర్చీ ఉంది, కూర్చోలేదు. మీట నొక్కాను. మిల్లు గేటు, కాపలా ముసలాయన, పత్తి బండ్లు, ఆ తర్వాత ఆమె.

గంపెత్తుకుని ఉరికింది. మర తగ్గించాను. నీళ్లలో మునిగినదానిలా సాగింది. పెంచాను. ఎగిరింది. మళ్లీ తగ్గించాను, మళ్లీ పెంచాను. నడుమ ఎక్కడో ఆమె ఉంది. ఏది ఆమె? ఇదా, అదా? నిండు గంపతో పోయి కనుమరుగైంది. ఉత్త గంపతో తిరిగి వచ్చింది. నా వేళ్ల కింద మర చెమటకు జారుతోంది. అప్పుడు తోచింది. తిప్పడం చేతకాక కాదు, దేనికి సరిపోల్చాలో నా దగ్గర లేదు. ఎవరైనా నన్ను 'నీ ఇంజను ఎలా నడుస్తుంది' అని అడిగితే నోటితో చప్పుడు చేసి చూపిస్తాను. 'నీ భార్య ఎలా నడుస్తుంది' అంటే తెలియదు.

పన్నెండేళ్లు సంతకు, జాతరకు, చావుకు, పెళ్లికి కలిసే పోయాం. నేను ముందు, ఆమె వెనక. మా వైపు ఎవరైనా అంతే. మొగవాడు ముందు నడిస్తే ఆడమనిషి నాలుగడుగుల వెనక రావాలి. వస్తున్నదా లేదా అని ఒక్కోసారి గొంతెత్తి అడిగేవాడిని గానీ వెనక్కి తిరిగి చూసేవాడిని కాదు.

రీలు అయిపోయి కొస టపటపమని కొట్టుకుంటుంటే మీట ఆపి షెడ్డుకు వచ్చాను. ఆయన ఇంజను దగ్గర గొంతుకు కూర్చుని, తల వంచి వింటున్నాడు.

"కుదిరిందా భాయ్?"

"కుదిరింది," అన్నాను.

నా ముఖం చూశాడు. "సరె" అన్నాడు. ఆ ఒక్క మాటలో నా అబద్ధాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆమె నడక నీకెట్ల తెల్సు?" అని అడిగేశాను. అడగకుండా ఉండలేకపోయాను.

"చూసి గాదు. గేటు కాడ తలకాయ వంచుకొని పనిచేస్త గద, దినాం అందరు నా ముంగటికెళ్లే పోతరు. చెవుల పడతది. చెల్లెది కుడికాలు చప్పుడైనంక జర ఆగుతది, గప్పుడు ఎడమది వస్తది. తెర మీద గా ఆగుడు ఆగెదాక తిప్పిన. గంతె." లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "ఇంజన్ మస్తు పెట్టినవ్ భాయ్. గిసుంటి ఇంజన్ నిజామాబాద్ల గుడ లేదు."

నా పనిని పదకొండేళ్లలో మెచ్చుకున్నవాడు ఆయనొక్కడే. అది కూడా ఆయనే కావాలా?

ఆ సాయంత్రం మిల్లు దిగి ఇంటికి పోతుంటే నేను దారిలో ఆగాను. ఆమె కూడా వెనక ఆగింది.

"నువ్వు ముంగట నడువు," అన్నాను.

"ఎందుకు? ఏం తప్పు చేసిన?"

"తప్పు లేదు. నడువు."

అనుమానంగా నన్ను దాటి నడిచింది. పాన్ డబ్బా దగ్గర ఎవడో అరిచాడు: "ఏందిరో, పెండ్లాం ఎనుక పోతున్నవ్? తప్పిపోతవనా?" ఆమె సిగ్గుతో ఆగబోయింది. "నడువు" అన్నాను. కుడికాలు. తర్వాత ఒక చిన్న ఆగుడు. నా ఇంజను బరువు లేనప్పుడు ఒక దెబ్బ వదిలేసి మళ్లీ అందుకుంటుంది, అలాంటి ఆగుడు. తర్వాత ఎడమకాలు. ఇంటిదాకా అదే. సేటు తల్లి అన్నది నిజమే, నిమ్మళంగా నడుస్తుంది. ఆ మాట ఆమెకు చెప్పాలనిపించింది. చెబితే సాయబు వెనక రెండోవాడిని అవుతాను. చెప్పలేదు.

అప్పటి నుంచి ఎక్కడికి పోయినా ఆమె ముందు, నేను వెనక. నీ కాలుకు తగ్గట్టు పోవాలని అలా అన్నాను అని ఆమెకు చెప్పుకున్నాను.

ఆమె మళ్లీ బొమ్మ చూడడానికి పోలేదు. మిల్లు వాకిట్లో మళ్లీ గోడ పక్క నుంచే నడిచింది. గేటు దగ్గర ఆయన "బాగున్నవా చెల్లే" అంటే ముఖం తిప్పుకునేది. ఆయన ఇంకో రెండు పత్తి కాలాలు వచ్చాడు. రోజూ పలకరించాడు, రోజూ ఆమె ముఖం తిప్పుకుంది. నేను వెనక నాలుగడుగుల దూరంలో అదంతా చూస్తూ నడిచాను. ఒక్కసారి కూడా ఆయన నావైపు 'చెప్పు' అన్నట్టు చూడలేదు. చూసి ఉంటే చెప్పేవాడినేమో. చూడలేదు కనుక ఇంకా మండింది. ఆడిన అబద్ధాన్ని ఒక మనిషి అంత తేలిగ్గా ఎలా మోస్తాడు? నా నిజం నాకు బండరాయంత బరువుంది.

తర్వాత ఊరికి కరెంటు వచ్చింది. నా ఇంజను మూలకు పడింది. నేను శ్రీరాంపూర్ బొగ్గు గనికి పోయాను. అక్కడి రాత్రి బడిలోనే, యాభై దగ్గర పడ్డాక, అక్షరాలు దిద్దాను. ఆయన మెట్‌పల్లిలో దుకాణం పెట్టాడని విన్నాను. పోలేదు. మెట్‌పల్లి మీదుగా ఎన్నోసార్లు బస్సులో పోయాను, దిగలేదు.

ఇదంతా రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. నిన్న ఆమె అడిగింది.

"ఏం రాస్తున్నవ్ గిన్ని దినాల సంది? కాయితాలన్ని ఖతం చేసినవ్."

"చెయ్యి జారినాయ్న గురించి."

"గాయ్న గురించి ఏమున్నదని? సదువు, ఇంట."

చదివాను. కోడలి మిషను, ముసలమ్మ గోదావరి మెట్లు, నూలుపోగు. నూలుపోగుకు నవ్వింది. పానా తీసుకున్న చోటికి వచ్చి ఆగాను. ఆమెకు అక్షరం రాదు. రెండు కాయితాలు పక్కకు తీసి మిగతాది చదివినా తెలియదు. వేలు ఆ కాయితం అంచు మీదికి పోయింది కూడా.

"ఆగినవేంది? అద్దాలు మసకైనయా?"

"లే," అని చదివాను. చుట్టు చుట్టు బిగించింది చదివాను. నవ్వింది చదివాను. ఆయన షెడ్డుకు వచ్చి అన్న మాట చదివాను. చివరిదాకా ఆమె ముఖం చూడకుండా చదివాను.

చాటలో బియ్యం చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"గా దినం నవ్వినోళ్లల్ల నువ్వు గుడ ఉన్నవా?"

"ఉన్న."

"నలభై ఏండ్లు గాయ్నను తిట్టిన. మొకం తిప్పుకున్న. గా తిట్లన్ని ఇప్పుడు ఎవనికి పోవాలె?"

"నాకే."

"గవ్వి నీకు సాలయి. కొత్తయి తిట్టాలె."

మొదలుపెట్టింది. కోడలు బయటికి వచ్చి చూసి మళ్లీ లోపలికి పోయింది. తిట్టగలిగినన్ని తిట్టింది. పడ్డాను. సాయంత్రానికి అలసిపోయి, గడప మీద కాలు చాపుకుని, మోకాలు రుద్దుకుంటూ కూర్చుంది. వీధి వైపు చూస్తూ, నాతో కాదు, తనలో తనే అంది:

"అచ్చం నేను నడిచినట్టె నడిపిచ్చిండు సాయబన్న."

నలభై ఏళ్ల తర్వాత ఆ పేరు మళ్లీ ఆమె నోట వచ్చింది. ఆ వెలుగు మళ్లీ ఆమె ముఖంలోకి వచ్చింది. నేను డెబ్బై దాటినవాడిని. ఆయన మట్టిలో కలిసి నెల దాటింది. అయినా నాకు మళ్లీ మండింది.